దండెం మీద ఊదా గౌను

పోయినవారం ఈ కథ మా ఆడపడుచు దగ్మార్ గుడ్డలసంచి దగ్గర ఆపాను. ఉతకడానికి ఏమున్నాయో చూద్దామని సంచిలో చెయ్యి పెడితే ఎర్ర గౌను చేతికొచ్చింది. కొత్తది, అంచు కూడా మాయలేదు.

మధ్యలో చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. మా పనేలా కొండ సాంబా స్కూలు రంగులు నీలం, తెలుపు. రైలుపట్టాల అవతలున్న వాలే స్కూలు రంగు ఎరుపు. స్కూలంటే పలకా బలపం కాదు. కార్నివాల్ ఊరేగింపులో కొండంతా ఒక్క గుంపుగా ఆడుతూ పాడుతూ నడిచే సంఘం. ఆ గుంపు ముందు నిలబడి పాట ఎత్తుకునే గొంతు పంతొమ్మిదేళ్లుగా దగ్మార్‌ది. ఆ గొంతు కోసం వాలే వాళ్లు నాలుగేళ్లుగా కాచుకుని కూర్చున్నారని రియోలో సాంబా తెలిసిన కుక్కలక్కూడా తెలుసు.

ఎరుపు మా కొండ ఎక్కదు. మేం టమాటాలు కూడా పచ్చివే కొంటామని వాలే వాళ్లు వెక్కిరిస్తారు. అది అబద్ధం. మా ప్రెసిడెంటు జెనేజియో ఎర్ర సైకిలు చవగ్గా వస్తే కొని, దుకాణం గుమ్మం దాటకముందే నీలం రంగు కొట్టించిన మాట మాత్రం నిజం. ఒకసారి ఎవరిదో ఇల్లు అంటుకుని అగ్నిమాపక బండి కొండెక్కితే, మా డప్పుల వాళ్లు దాన్ని చూసి ఈలలు వేసి గోల చేశారు. మంట ఆర్పాక క్షమాపణ చెప్పారు, మనుషులకే గాని బండికి కాదు.

అలాంటి చోట, మా గాయని సంచిలో, ఎర్ర గౌను.

నాకు మనుషులు వెళ్లిపోవడమంటే భయం. మా ఆయన, అంటే దగ్మార్ సొంత అన్నయ్య, సావో పావ్లోలో రెండు వారాల పనుందని చిన్న పెట్టె పట్టుకుని వెళ్లాడు. పదకొండేళ్లయింది, ఆయన రెండు వారాలు ఇంకా పూర్తి కాలేదు. అప్పట్నుంచి రొట్టె కొనడానికి వెళ్లేవాళ్లని కూడా ఎప్పుడొస్తావని అడుగుతాను. "మీనియమ్మా, కొట్టు ఎదురుగానే ఉంది" అంటారు. ఆయనకు స్టేషన్ కూడా దగ్గరే.

గౌను దొరికింది శుక్రవారం. దగ్మార్ పడవెక్కి నితెరోయిలో కూతురింటికి వెళ్లింది, శనివారం స్కూలు విందు వేళకు వస్తానంది. అడగడానికి మనిషి లేదు, ఆగడానికి నాకు నిబ్బరం లేదు. గౌను చంకలో పెట్టుకుని స్కూలు ఆవరణలో మా కుట్టుపని పాకకు వెళ్లాను. అక్కడ రంగు తొట్లున్నాయి, ఆడవాళ్ల వరుసకు లంగాలు అద్దగా మిగిలిన నీలం పొడి ఉంది. గౌను నీలం అయిపోతే దగ్మార్ వాలేకి ఏం తొడుక్కుని వెళ్తుంది? ఇదీ నా ఆలోచన. ముప్ఫై ఏళ్లుగా గుడ్డలు కుట్టి, రంగులద్ది బతికినదాన్ని, ఎరుపు మీద నీలం వేస్తే ఏమవుతుందో తెలియక కాదు. నాలుగు పొట్లాలు వేస్తే భయపడి లొంగుతుందనుకున్నాను.

లొంగలేదు. శనివారం పొద్దున తొట్టిలోంచి తీస్తే నిగనిగలాడే ఊదా రంగు గౌను. ఇస్తరాకంత వెడల్పు కుచ్చులతో, పైనుంచి కిందిదాకా వంకాయ.

ఊదా అంటే మా దగ్గర ఈస్టరుకు ముందు విగ్రహాలకు కప్పే గుడ్డ, శవపేటికకు చుట్టే రిబ్బను. ఇంటికి తీసుకెళ్తే వీధంతా చూస్తుంది. అందుకని పాక వెనక దండెం మీద ఆరేసి, పైన ఒక దుప్పటి కప్పాను. పదకొండు గంటలకు గాలి లేచింది. దుప్పటి పోయి గంగాళం పక్కన పడింది.

ఆ గంగాళంలో విందు కోసం నల్ల చిక్కుడు గింజలు, పంది చెవులు, తోకలు కలిసి ఉడుకుతున్నాయి. రుచి చూద్దామని జెనేజియో గరిటె పట్టుకున్నాడు. ఆయనకు కడుపులో పుండు, వైద్యుడు తినొద్దన్నాడు, చూడొద్దని మాత్రం అనలేదని ప్రతి శనివారం గరిటెడు చూస్తాడు. గరిటె నోటిదాకా వచ్చి ఆగిపోయింది. దండెం వైపు చూసి, గరిటె గంగాళంలో వదిలేసి, టోపీ తీసి గుండెలమీద పెట్టుకున్నాడు.

ఆయన టోపీ తీశాడని కంజిర వాయించే పిందూకా తీశాడు. పిందూకా తీశాడని డప్పుల వాళ్లు పదహారు మందీ తీశారు. ఎవరు పోయారో తెలిసినవాడు ఒక్కడూ లేడు. అడగడం మర్యాద కాదని ఒకరినొకరు చూసుకుంటున్నారు. పావుగంటలో కొండ కింద నుంచి ఇద్దరు ముసలమ్మలు కళ్లు తుడుచుకుంటూ వచ్చి నన్ను కావలించుకున్నారు.

"సావో పావ్లోలోనే పోయాడా తల్లీ" అంది ఒకావిడ.

"ఎవరు?"

"మీ ఆయన."

రంగు వేసింది నేనే, ఎవరూ పోలేదని తెలిసింది నాకే. అయినా ఒక్క నిమిషం ఆయన పోయాడని నేనూ నమ్మాను. చెరకు సారా ఎవరో చేతికిస్తే తాగాను కూడా.

సరిగ్గా అప్పుడు దగ్మార్ వచ్చింది. చేతిలో కూతురిచ్చిన కేకు డబ్బా, నెత్తిన నీలం గుడ్డ. యాభై ఎనిమిదేళ్లు, గుమ్మంలో ఆగితే గుమ్మం నిండే మనిషి. బట్టతలలన్నీ ఎండలో మెరుస్తూ ఉంటే చూసింది.

"ఏంటి, అందరూ ఒకేసారి క్షవరం చేయించుకున్నారా?"

"మెల్లిగా మాట్లాడు దగ్మారక్కా" అన్నాడు పిందూకా. "మీ అన్నయ్య."

"వచ్చాడా?"

"పోయాడు."

"పదకొండేళ్ల కిందే పోయాడు కదరా, ఇప్పుడు టోపీలెందుకు?" అంటూ అందరూ చూస్తున్న వైపు చూసింది. కేకు డబ్బా మెల్లగా బల్లమీద పెట్టింది. దండెం దగ్గరికెళ్లి కుచ్చు పట్టుకుని చూసింది, మెడ దగ్గర కుట్టు తిరగేసి చూసింది. కుట్టు దారం ఇంకా ఎర్రగానే ఉంది. నూలుకు పట్టిన రంగు ఆ దారానికి పట్టలేదు.

"వదినా" అంది, వెనక్కి తిరక్కుండానే.

"ఊఁ."

"ఇది నా గౌను."

"ఊఁ."

"నేను పెట్టినప్పుడు ఎర్రగా ఉంది."

ఆ మాటతో టోపీలన్నీ మళ్లీ నెత్తికెక్కాయి. చావు లేదని తెలిసింది, చావుకంటే పెద్దదేదో ఉందని తెలిసింది. జెనేజియో కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"ఎర్రగా" అన్నాడు. "ఎంత ఎర్రగా?"

"గౌను ఎంతుంటే అంత."

"దగ్మార్, నా పుండు మీద ఒట్టేసి చెప్పు. వాలే ప్రెసిడెంటు వాల్దొమీరో నీతో మాట్లాడాడా?"

"ప్రెసిడెంటు గారూ, మీ పుండు మీద ఒట్టేయడానికి అదేమన్నా నా బిడ్డా?"

దగ్మార్‌ని సూటిగా అడిగి బతికి బట్టకట్టినవాళ్లు మా కొండమీద తక్కువ. కానీ మాకో పద్ధతుంది. మామూలు మాటల్లో అడిగితే జవాబివ్వకపోయినా తప్పులేదు. అందరూ గుండ్రంగా కూర్చుని తాళం వేస్తుండగా, పేరు పెట్టి పాటలో అడిగితే మాత్రం పాటలోనే బదులివ్వాలి, అక్కడికక్కడ కట్టి. ఇవ్వలేనివాళ్లు లేచి వెళ్లిపోవాలి. గాయని అన్నది అలా లేచి వెళ్తే ఇక మళ్లీ ఆ గుంపులో కూర్చోలేదు. పాటలో అబద్ధం చెప్పకూడదన్న నియమం మాత్రం లేదు. ఈ సంగతి నాకు ఆలస్యంగా తట్టింది.

పిందూకా కంజిర అందుకున్నాడు. తాళం మొదలెట్టాడు. బల్లమీద అరచేతులు, పళ్లెంమీద కత్తి, అగ్గిపెట్టెమీద గోళ్లు, ఒక్కొక్కటీ కలిశాక పిందూకాయే పాడాడు.

"తీగెమీద ఆరుతోంది తీరు తెలీని గౌను,
ఎవరికోసం కుట్టించావో ఎరుక చెప్పు మాకు."

"చెప్పు దగ్మార్, చెప్పి పో" అని అందరూ వంత అందుకున్నారు. ఆ వంత మా తాతల నాటిది, పేరొక్కటే మారుతుంది. నేను 'చెప్పి' దాకా పాడి ఆగాను, ఆ చివరి 'పో' నా నోటివెంట రాలేదు.

దగ్మార్ చేతులు నడుం మీద పెట్టుకుంది. రెండు తాళాలు పోనిచ్చింది.

"అడిగేవాడి ఆలి అడిగె మొన్న సాయంత్రం మొగుడేడని,
ఆ లెక్క ముందు చెప్పమను, నా గౌను పారిపోదని."

పిందూకా చెవులు ఎర్రబడ్డాయి. గౌను కుట్టు దారం కాక ఆ రోజు ఆవరణలో కనబడ్డ ఎరుపు అదొక్కటే. డప్పుల వాళ్లు నేలమీద పడి నవ్వుతున్నారు. పిందూకా పెళ్లాం మాత్రం నవ్వడం లేదు, సలాడు గిన్నె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంటోంది.

ఇలా కాదని జెనేజియో లేచాడు. ఆయనది పాడే గొంతు కాదు, తలుపు కిర్రుమన్నట్టుంటుంది. కానీ ప్రెసిడెంటు పాడితే ఇక తప్పించుకోవడానికి వీల్లేదు.

"పంతొమ్మిదేళ్లు నీ గొంతు విని పెరిగింది ఈ కొండ,
మమ్మల్నొదిలి పోతున్నావా, చెప్పు దగ్మార్, ఉండా?"

చివర్న ప్రాస కుదరక 'ఉండా' అని ఏదో పెట్టేశాడు. ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే అందరూ అడగాలనుకున్నది అదే. నేను కుట్టుపాక గుంజ పట్టుకుని నిలబడ్డాను.

దగ్మార్ ఈసారి నాలుగు తాళాలు పోనిచ్చింది. చూపు గంగాళం మీదుంది. పాడినప్పుడు గొంతు పెంచలేదు.

"గొంతులోన ముల్లు దిగితే గుండె జారి మొక్కాను,
ఉరుముల తల్లి బార్బరమ్మకు ఎర్ర గౌను మొక్కాను.
రేపు పొద్దున తొడగకపోతే రెండో మాట రాదమ్మా,
నీళ్లలోన ముంచిన చెయ్యి మా వదినదే కాదమ్మా."

కంజిర ఆగింది. అగ్గిపెట్టె ఆగింది. రేపు ఆదివారం డిసెంబరు నాలుగు, బార్బరమ్మ పండుగ. మెరుపులు, ఉరుములు ఆవిడ చేతిలో ఉంటాయి, ఎరుపు ఆవిడ రంగు. మొక్కు మొక్కితే గుడిలో ఆ రంగే తొడుక్కుని మోకాళ్లమీద కూర్చోవాలి. ఇది వాలే స్కూలు పుట్టకముందునుంచీ ఉంది.

"గొంతులో ముల్లేంటి?" అన్నాను నేను. పాటలో అడగడం మర్చిపోయాను.

"సెప్టెంబరు నుంచి, వదినా. పై స్థాయికెళ్తే పట్టేస్తోంది. కార్నివాల్ దాకా నిలబెట్టమని మొక్కుకున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే నువ్వు అప్పుడే నా అంత్యక్రియలకు లంగాలు కుట్టేదానివి. చూడు, చెప్పకుండానే రంగు కూడా వేసేశావు."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. సంతోషమూ వచ్చింది. దగ్మార్ ఎక్కడికీ పోవడం లేదు. మా కోసమే మొక్కుకుంది. జెనేజియో సంతోషం పట్టలేక నిండు గిన్నె చిక్కుళ్లు తినేశాడు, వైద్యుడి సంగతి గుర్తొచ్చేసరికి గిన్నె ఖాళీ.

అసలు చిక్కు ఆ తర్వాత తెలిసింది. మధ్యాహ్నం రెండయింది. మదురేరా బజారులో కొట్లన్నీ ఒంటిగంటకే మూస్తారు, మళ్లీ సోమవారమే. పొద్దున తొమ్మిదింటికి పూజ. దగ్మార్ కొలతకు ఎర్ర గౌను కావాలి, అంటే మామూలు ఆడవాళ్ల గౌన్లు రెండు కలిపి కుట్టినంత గుడ్డ కావాలి.

"ఎవరింట్లోనైనా ఎర్రది ఏమన్నా ఉందా?" అన్నాడు జెనేజియో. ముప్ఫై ఏళ్లుగా అదే తప్పని తిట్టిన మనిషి ఇప్పుడు బతిమాలుతున్నాడు.

ఒకావిడ దగ్గర ఎర్ర రుమాలుందని తేలింది. ఒకాయన దగ్గర ఎర్ర లోదుస్తు ఉందని ఆయన భార్య చెప్పింది, అది ఆయనకు కొత్త సంవత్సరం రోజున అదృష్టం కోసం ఎవరో ఇచ్చారట, ఎవరిచ్చారన్నది వాళ్లు ఇంటికెళ్లి మాట్లాడుకుంటారు. పాదిరీ గారి ఎర్ర పైవస్త్రం అడుగుదామని పిందూకా అన్నాడు. అది తొడుక్కుంటే పూజ కూడా నేనే చేయించాలని దగ్మార్ అంది.

చివరికి అందరూ తెలిసి తెలిసి అనకుండా ఉన్న మాట జెనేజియోనే అన్నాడు. కడుపు పట్టుకుని అన్నాడు.

"వాలే వాళ్ల కుట్టుపాకలో తానులకొద్దీ ఉంటుంది."

ఎవరి నోరూ లేవకముందే చెయ్యెత్తాడు.

"గౌను పాడు చేసింది మీనియమ్మ. ఆవిడే వెళ్లి అడగాలి. కొలతకు దగ్మార్ కూడా వెళ్లాలి. కానీ వినండి. లోపల కూర్చోకూడదు. నీళ్లు తప్ప ఏమీ తాగకూడదు. వాళ్ల పాట వినబడితే వేరేది ఏదన్నా ఆలోచించుకోవాలి."

"జెండా ఎదురు తెస్తే?" అన్నాను. స్కూలు జెండా ముందుకొస్తే ఎవరైనా దాన్ని ముద్దు పెట్టుకోవాలి, కాదంటే ఆ స్కూలు ముఖాన ఉమ్మినట్టే.

జెనేజియో చాలాసేపు ఆలోచించాడు. "తుమ్మండి" అన్నాడు.

రైలుపట్టాల మీద నడక వంతెన ఎక్కాం. నేను ఆ వంతెన ఎక్కి పదకొండేళ్లయింది. కింద ఒక బండి వెళ్తుంటే చెయ్యి జాపి దగ్మార్ మోచెయ్యి పట్టుకున్నాను. "నేనేం దూకను వదినా" అంది. "తెలుసు" అన్నాను, వదల్లేదు.

"ముల్లు నొప్పి పెడుతోందా?"

"ఏ ముల్లు? ఆఁ, లేదు. ఇప్పుడు లేదు."

వాలే వాళ్ల గేటు దగ్గర వాల్దొమీరో పుల్లతో పళ్లు కుట్టుకుంటూ నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, ఎర్ర చొక్కా, ఎర్ర చెప్పులు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోతాడనుకున్నాను. పుల్ల జేబులో పెట్టుకుని, గేటు రెండు రెక్కలూ తీశాడు.

"దయచేయండి దోనా దగ్మార్" అన్నాడు, అమ్మగారూ అన్నంత మర్యాదగా. "వీరు?"

"మా వదిన."

"కూర్చోండమ్మా."

"కూర్చోం" అన్నాను. "బార్బరమ్మ మొక్కుకు ఎర్ర గుడ్డ కావాలి. ఆరు మీటర్లు. సోమవారం కొత్తది కొని ఇచ్చేస్తాను."

"గుడ్డకేం, అరవై మీటర్లు తీసుకోండి. బార్బరమ్మ మాకూ అమ్మే" అన్నాడు. పాక వైపు తిరిగి ఎవరికో తాను తెమ్మని చెప్పాడు. మర్యాదగా ఉన్నాడు, నవ్వుతున్నాడు. నాకు కొంచెం సిగ్గేసింది, ఇన్నాళ్లూ ఇతన్ని అనవసరంగా తిట్టుకున్నానని.

లోపలెక్కడో కవాకీన్యో మోగడం మొదలైంది. ఆ చిన్న నాలుగు తీగెల వాయిద్యం ఎక్కడ మోగినా నేను శ్రుతి పట్టేయగలను. పంతొమ్మిదేళ్లు దాని పక్కనే కూర్చుని లంగాలకు అంచులు కుట్టాను. వాయిస్తున్నది వాళ్ల ఈ ఏటి పాట. జెనేజియో చెప్పినట్టు వేరేది ఆలోచించుకుందామని రేపటి పూజ గురించి, గౌను చేతుల పొడవు గురించి ఆలోచించాను. కానీ చెవి ఊరుకోలేదు.

వాలే గాయకుడు మగవాడు, బావిలోంచి వచ్చినట్టుండే గొంతు. ఆ పాట రేడియోలో వస్తుంటే కట్టేసే లోపు నాలుగుసార్లన్నా విన్నాను, ఆ లోతు శ్రుతిలోనే. ఇప్పుడు వాయిస్తున్నది దానికి చాలా పైన. ఆ ఎత్తులో వాళ్ల గాయకుడు పాడలేడు. వాళ్ల స్కూల్లో ఆ ఎత్తులో పాడే మనిషి లేదు. ఆ శ్రుతి నాకు నా పేరంత బాగా తెలుసు.

వాల్దొమీరో గొంతు తగ్గించాడు.

"మీరు మంగళవారం ఇచ్చిన శ్రుతే దోనా దగ్మార్. సరిపోయిందా, ఇంకాస్త దించమంటారా?"

ఏ మంగళవారమని దగ్మార్ అడుగుతుందని చూశాను. అడగలేదు. నేను ఆమె మోచెయ్యి పట్టుకునే ఉన్నాను. నా వైపు తిరగలేదు.

లోపల కవాకీన్యో పాటకు ముందు వాయింపు ముగించి, పాట ఎత్తుకోవాల్సిన చోటికొచ్చి ఆగింది. గొంతు కోసం ఎదురుచూస్తోంది.

దగ్మార్ కళ్లు మూసుకుంది. పంతొమ్మిది కార్నివాల్లు ఆవిడ వెనకే నిలబడి చూశాను, భుజాలు ఎలా లేస్తాయో, మెడ ఎలా నిలబడుతుందో నాకు తెలుసు. నా చేతి కింద ఆమె ఒళ్లు లేచింది.

ఊపిరి పీల్చింది.